పెరుగు తీసేశాక నిలబడిన బిస్కెట్టు: మారతహళ్లి వంటింటి నుంచి ఒక కేస్ స్టడీ

బెంగళూరు మారతహళ్లిలో ఒక తెలుగువారి ఇల్లు. 28 లీటర్ల ఓటీజీ (బల్ల మీద పెట్టుకునే చిన్న కరెంటు ఓవెన్), రెండు అల్యూమినియం ట్రేలు, అపార్ట్‌మెంట్‌లో తెలిసినవాళ్ళ నుంచి వారానికి నాలుగైదు డబ్బాల ఆర్డర్లు. గుడ్డు ముట్టని ఇళ్ళు ఎక్కువ కాబట్టి ఓట్స్, కొబ్బరి కలిపిన బిస్కెట్టును ఎంచుకున్నారు. ఎంపికలో తప్పు లేదు. చేతికి వచ్చిన సరుకు మాత్రం ఇలా ఉండేది: ట్రేలో విడివిడిగా పెట్టిన ఉండలన్నీ కరిగి కలిసిపోయి ఒకే రొట్టె అయ్యేవి. అంచులు నల్లబడేవి, నడుమ మెత్తగా మిగిలేది. మర్నాటికి సాగుడు వచ్చేది. తిన్నాక నాలుక చివర సబ్బు చేదు. జులై నెలలో ఇచ్చిన ఒక డబ్బాలో నాలుగో రోజుకే బూజు.

ఇన్ని జబ్బులు ఒకేసారి కనిపిస్తే ముందు అనుమానించాల్సింది ఓవెన్‌ను కాదు, పిండిలో ఉన్న తడిని.

వాళ్ళు వాడిన కొలతలు: ఇన్‌స్టంట్ ఓట్స్ 90 గ్రా., గోధుమ పిండి 150 గ్రా., పచ్చి కొబ్బరి కోరు 100 గ్రా., బెల్లం 150 గ్రా. (50 మి.లీ. నీళ్ళలో కరిగించి), ఉప్పు కలిసిన వెన్న 125 గ్రా., పెరుగు రెండు చెంచాలు అంటే 30 గ్రా., వంట సోడా ఒక టీస్పూను. పిండి జారుగా అనిపిస్తే మరో గుప్పెడు గోధుమ పిండి. పెరుగు ఎందుకని అడిగితే వచ్చిన జవాబు: "గుడ్డు లేదు కదండీ, ఏదో ఒకటి వేయకపోతే ఎలా పట్టుకుంటుంది?"

ఈ కేసు మొత్తం ఆ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది.

ఈ బిస్కెట్టులో గుడ్డు ఎప్పుడూ లేదు

కేకులో గుడ్డు తీసేస్తే దాని చోటు ఖాళీ అవుతుంది. అక్కడ పెరుగో, అవిసె గింజల పొడో, అరటిపండు గుజ్జో పెట్టాలి. ఓట్స్–కొబ్బరి బిస్కెట్టు అలాంటిది కాదు. దీని మూలం ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో చేసే అన్జాక్ బిస్కెట్టు. 1915 ఏప్రిల్ 25న, మొదటి ప్రపంచ యుద్ధంలో, టర్కీలోని గల్లిపోలి తీరాన దిగిన ఆ రెండు దేశాల సేన పేరు మీద వచ్చింది. సైనికులు కందకాల్లో నమిలింది మాత్రం దీన్ని కాదు, పలకలా గట్టిగా ఉండే వేరే బిస్కెట్టు. ఇది ఇళ్ళలో చేసిన తీపి రకం. తొలినాటి వంటకాల్లో కొబ్బరి కూడా ఉండేది కాదు, 1920ల నుంచి చేరింది. గుడ్డు మాత్రం మొదటినుంచీ లేదు. పిండిని పట్టి ఉంచే పని గోల్డెన్ సిరప్ అనే చిక్కటి చక్కెర పాకానిది.

కాబట్టి లేని గుడ్డుకు బదులు వెతకడమంటే అవసరం లేని తడిని తెచ్చి పోయడమే. బెంగళూరులో ఉంటూ గుడ్డు లేని బేకింగ్‌ను లోటుగా చూడనక్కర్లేదు కూడా. ఇక్కడి అయ్యంగార్ బేకరీల ఖారా బిస్కెట్టు గుడ్డు లేకుండానే పొడిపొడిగా విరుగుతుంది. అక్కడ పని కొవ్వుది, ఇక్కడ పాకానిది.

పేరు గురించి ఒక మాట. ఆస్ట్రేలియాలో "అన్జాక్" అనే మాటను వ్యాపారానికి వాడుకోవడంపై 1921 నుంచి నిబంధనలు ఉన్నాయి, అనుమతి కావాలి. బిస్కెట్టుకు అనుమతి సాధారణంగా దొరుకుతుంది కానీ, సంప్రదాయ వంటకాన్ని పెద్దగా మార్చకూడదు, "కుకీ" అని పిలవకూడదు. మన దగ్గర అమ్మే డబ్బా మీద "ఓట్స్ కొబ్బరి బిస్కెట్" అని రాసుకోవడం నిజాయితీగానూ ఉంటుంది, కొనేవాళ్ళకు అర్థమూ అవుతుంది.

నీటి లెక్క

పాత కొలతల్లో నీళ్ళు ఎక్కడెక్కడి నుంచి వస్తున్నాయో రాసి చూస్తే రోగం బయటపడింది. పచ్చి కొబ్బరిలో దాదాపు సగం నీరే, అంటే 47 గ్రాముల దాకా. పెరుగు నుంచి 26. బెల్లం కరిగించిన నీళ్ళు 50. వెన్నలో 16 శాతం నీరు ఉంటుంది కాబట్టి అక్కడ మరో 20. మొత్తం 140 పైచిలుకు. పిండి, ఓట్స్‌లలో సహజంగా ఉండే తేమను ఇందులో కలపలేదు.

సరైన వంటకంలో (కొలతలు కింద ఉన్నాయి) వెన్న నుంచి 20, సోడా కలిపే వేడినీళ్ళు 20, సిరప్ నుంచి 8, ఎండు కొబ్బరి పొడి నుంచి 2. అంతా కలిపి 50. వీళ్ళ పిండిలో దాదాపు మూడింతలు ఉంది.

ఎక్కువైన నీరు రెండు విధాల చెడగొడుతుంది. ఓవెన్‌లో మొదటి ఐదారు నిమిషాల్లో తీపి అంతా ఆ నీళ్ళలో కరిగి పలచని పాకమవుతుంది, ఉండ నిలవలేక జారుతుంది. తరవాత ఆ నీరు ఆవిరై పోయేదాకా నడుమ భాగం వంద డిగ్రీలు దాటదు, అంచులు మాత్రం ముందే ఎండి మాడతాయి. నడుమ ఎర్రబడే వరకు ఆగితే చుట్టూ బొగ్గు, అంచు చూసి తీస్తే లోపల పచ్చి. ఇంకో గుప్పెడు గోధుమ పిండి వేస్తే జారడం కాస్త తగ్గుతుంది గానీ రొట్టె ముక్కలా గట్టిపడుతుంది. బూజుకు కారణం కూడా ఈ మిగిలిన తడే.

ఒక్కొక్కటిగా మార్చడం

అన్నీ ఒకేసారి మార్చేస్తే బిస్కెట్టు బాగుపడుతుంది, ఎందుకు బాగుపడిందో తెలియదు. మళ్ళీ ఏ వర్షాకాలంలోనో చెడితే మొదటికి వస్తాం. అందుకని సగం కొలతతో చిన్న వాయిలు పెట్టి, ఒక్కో వాయికి ఒక్కటే మార్చారు.

మొదట పెరుగు తీసేశారు. ఉండ చేతికి అంటుకోవడం తగ్గింది, విడిపోలేదు. పట్టుకోదన్న భయం అక్కడితో పోయింది. ట్రేలో మాత్రం ఇంకా కలిసిపోతూనే ఉన్నాయి.

రెండోది కొబ్బరి. పచ్చి కోరు బదులు డెసికేటెడ్ కొబ్బరి పొడి 70 గ్రా. ఈ ఒక్క మార్పుతో బిస్కెట్లు విడివిడిగా నిలబడ్డాయి. డెసికేటెడ్‌లో తేమ 3 శాతం దగ్గర ఉంటుంది. కొనేటప్పుడు ప్యాకెట్ వెనక కొవ్వు చూడాలి: 60 శాతానికి పైన ఉంటే మంచిది. కొబ్బరిపాలు తీసేశాక మిగిలిన పిప్పిని ఎండబెట్టి అమ్మే రకమూ ఉంది. అది రంపపు పొట్టులా నోటికి తగులుతుంది, పిండిలోని వెన్ననంతా పీల్చేస్తుంది. తిప్టూరు ఎండు కొబ్బరి గుండ్లు బెంగళూరులో సులువుగా దొరుకుతాయి, తురిమి వాడుకోవచ్చు. కాకపోతే ముక్క విరిచి వాసన చూడాలి. పాత నూనె వాసన కొంచెం ఉన్నా ఓవెన్ దాన్ని దాచదు, పెంచుతుంది. ఇంట్లో పచ్చి కొబ్బరే ఉందంటే సన్న సెగ మీద, రంగు మారకుండా, 100 గ్రాములు తూకంలో 55 గ్రాములకు వచ్చేదాకా వేయించాలి. కంటికి ఎండినట్టు కనిపించడం చాలదు, తూచాలి.

మూడోది బెల్లం. ఇంట్లోవాళ్ళు ఒప్పుకోవడానికి వెనకాడింది ఇక్కడే. బెల్లం ఆరోగ్యమన్న వాదన పక్కన పెట్టి చూస్తే, గోల్డెన్ సిరప్ చేసే పని బెల్లం పూర్తిగా చేయదు. సిరప్‌లో పంచదారలో చాలా భాగం గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌లుగా విడిపోయి ఉంటుంది కాబట్టి అది పలుకు కట్టదు, చల్లారినా జిగురుగా ఉండి ఓట్స్‌ను అంటిపెట్టుకుంటుంది. బెల్లం ఎక్కువగా మామూలు చక్కెరే, చల్లారాక గరుకుగా పలుకు కడుతుంది, బిస్కెట్టు చేతిలో రాలుతుంది. దానికి తోడు వానాకాలంలో బెల్లం నీరు ఊరుతుంది, ఒక వారం కొలత మరో వారం పనికిరాదు. సిరప్ 45 గ్రా., పంచదార 150 గ్రా. వేసిన వాయిలో మొదటిసారి కరకర వచ్చింది.

నాలుగోది సోడా, ఆరు గ్రాముల నుంచి మూడుకు. సబ్బు చేదు పోయింది, రంగు నల్లటి గోధుమ నుంచి బంగారు రంగుకు దిగింది. వేడికి వంట సోడా సోడియం కార్బనేట్‌గా మారుతుంది. అది మరింత క్షారం. దానివల్లే బిస్కెట్టు త్వరగా ఎర్రబడుతుంది, పెళుసెక్కుతుంది. ఎక్కువైతే ఆ మిగులే నాలుకకు తగులుతుంది. పెరుగు తీసేశాక సోడాను విరిచే పులుపు కూడా లేదు, కాబట్టి పాత కొలత ఇంకా అన్యాయం.

ఓట్స్ మార్పు చివర. ఇన్‌స్టంట్ రకం పలచగా నలిగి, ముందే ఉడికి ఉంటుంది. తడి తగలగానే గంజి అవుతుంది, పంటికి ఏమీ దొరకదు. రోల్డ్ ఓట్స్ రేకు రేకుగా నిలుస్తాయి. స్టీల్ కట్ ఓట్స్ ఈ సమయంలో ఉడకవు, రాళ్ళలా మిగులుతాయి. మసాలా ఓట్స్ సంగతి చెప్పక్కర్లేదు.

సిరప్ ఇంట్లో

1880ల్లో లండన్‌లో అబ్రామ్ లైల్ చక్కెర కర్మాగారం మిగులు పాకాన్ని శుద్ధి చేసి గోల్డెన్ సిరప్‌గా అమ్మడం మొదలుపెట్టింది. దిగుమతి డబ్బాలు బెంగళూరు పెద్ద సూపర్‌మార్కెట్లలో దొరుకుతాయి గానీ ధర చూస్తే అమ్మే బిస్కెట్టుకు గిట్టదు. ఇంట్లో చేసుకోవడం పాకం పట్టడం తెలిసిన చేతికి కష్టం కాదు.

మందపాటి గిన్నెలో 100 గ్రా. పంచదార, 40 మి.లీ. నీళ్ళు పెట్టి కదపకుండా తేనె రంగు దాటి ముదురు అంబరు రంగు వచ్చేవరకు కాగనివ్వాలి. మంట తగ్గించి, బాగా మరిగిన నీళ్ళు 300 మి.లీ. కొద్దికొద్దిగా పోయాలి. ఎగజిమ్ముతుంది, చెయ్యి దూరంగా ఉంచాలి. అందులో 500 గ్రా. పంచదార, అర చెక్క నిమ్మరసం వేసి కరిగేదాకా మాత్రం కలిపి, ఆపై గరిటె పెట్టకుండా సన్న సెగన 35 నుంచి 45 నిమిషాలు. కాజాల పాకం పలుకు కట్టకుండా నిమ్మరసం పిండేది ఎందుకో, ఇక్కడా అందుకే: పులుపు, వేడి కలిసి చక్కెరను విడగొడతాయి. పది నిమిషాల్లో దింపేస్తే ఆ పని పూర్తికాదు, వారంలో సీసా అడుగున పలుకులు తేలతాయి.

థర్మామీటర్ ఉన్నవాళ్ళకు ఒక హెచ్చరిక. బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. ఇక్కడ నీళ్ళు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. విదేశీ వంటకాల్లో 110 అని ఉంటే ఇక్కడ 107 చాలు. 110 దాకా లాగితే చల్లారాక గరిటెకు ఉండ కట్టి కూర్చుంటుంది. చెన్నైలో చేసేవాళ్ళకు ఈ సవరణ అక్కర్లేదు. థర్మామీటర్ లేకపోతే వేళ్ళ మధ్య లేత తీగ సాగగానే దింపాలి. పూర్తిగా చల్లారాక తేనెలా జారాలి. చిక్కబడితే రెండు చెంచాల వేడినీళ్ళు కలిపి ఒక పొంగు రానివ్వవచ్చు.

తేనె వాడొచ్చా? వాడొచ్చు, పట్టుకుంటుంది. కానీ త్వరగా ఎర్రబడుతుంది, ఓవెన్ పది డిగ్రీలు తగ్గించాలి. రుచి తేనెదే అవుతుంది.

నిలిచిన కొలతలు

- రోల్డ్ ఓట్స్ 90 గ్రా.
- మైదా 100 గ్రా., గోధుమ పిండి 50 గ్రా.
- డెసికేటెడ్ కొబ్బరి 70 గ్రా.
- పంచదార 75 గ్రా., బ్రౌన్ షుగర్ 75 గ్రా.
- ఉప్పు లేని వెన్న 125 గ్రా., ఉప్పు చిటికెడు
- సిరప్ 45 గ్రా.
- వంట సోడా 3 గ్రా., మరిగిన నీళ్ళు 20 మి.లీ.

ఇది సుమారు 650 గ్రాముల పిండి. 25 గ్రాముల ఉండలైతే 26 వస్తాయి. పూర్తిగా గోధుమ పిండే వాడితే నీరు ఎక్కువ పీల్చి బిస్కెట్టు విచ్చుకోదు, మూడో వంతు దాటకపోవడం మేలు. చెంచాలతో కొలిచేవాళ్ళు గమనించాల్సింది: ఆస్ట్రేలియా టేబుల్ స్పూను 20 మి.లీ., మన దుకాణాల్లో దొరికేది 15. అక్కడి వంటకంలో "రెండు టేబుల్ స్పూన్ల సిరప్" అంటే మన సెట్‌తో రెండున్నర పైనే. సిరప్ తగ్గితే ఉండ కట్టదు, అప్పుడే మళ్ళీ పెరుగు మీదికి మనసు పోతుంది.

కలపడం, కాల్చడం

పొడి సరుకులన్నీ పెద్ద గిన్నెలో కలిపి పెట్టుకోవాలి. వెన్న, సిరప్ సన్న సెగ మీద కరిగించి, అంచుల్లో బుడగ కనిపించగానే దింపాలి. ఎక్కువ మరిగిస్తే వెన్నలోని నీరు పోతుంది, పిండి పొడిబారుతుంది. మరిగిన నీళ్ళలో సోడా కలిపి వెంటనే వెన్నలో పోస్తే బుస్సున నురుగు లేచి మూడింతలు అవుతుంది, అందుకే గిన్నె పెద్దది కావాలి. నురుగు లేవకపోతే సోడా పాతదని అర్థం. నురుగు ఉండగానే పొడి సరుకుల్లో పోసి గరిటెతో కలపాలి. చపాతీ పిండిలా మర్దించకూడదు.

పది నిమిషాలు పక్కన పెడితే ఓట్స్ తడి పీల్చుకుంటాయి, ఉండ సులువుగా కడుతుంది. గారెలు తట్టే అలవాటుతో అరచేతులు నీళ్ళలో ముంచడం ఈ ఇంట్లోనూ కనిపించింది. ప్రతి ఉండకూ కొంత నీరు చేరుతుంది. ఆ ట్రే బిస్కెట్లే ఎక్కువ పరుచుకున్నాయి కూడా. పొడిచేతులతోనే నొక్కి ఉండ చేయాలి, మరీ అంటుకుంటే చుక్క నూనె.

ఇక ఓటీజీ. డయల్ 160 చూపుతుంటే లోపల వేలాడదీసిన థర్మామీటర్ 185 చూపింది. ఓవెన్ థర్మామీటర్ కొనకుండా బిస్కెట్టు వ్యాపారం చేయడమంటే తూకం రాళ్ళు లేకుండా కొట్టు పెట్టడమే. పైనా కిందా రెండు రాడ్లూ వేసి, 15 నిమిషాలు ముందే వేడిచేసి, ట్రేను నడిమి మెట్టు మీద పెట్టారు. అసలు 160 వచ్చేట్టు డయల్‌ను 140 దగ్గర నిలిపారు. అయినా అడుగు ముదురుతుంటే రెండో ట్రేను దాని కింద జతచేర్చారు, సరిపోయింది. నల్ల ట్రేలు వేడిని ఎక్కువ పీలుస్తాయి. తెల్ల అల్యూమినియం మీద బేకింగ్ పేపర్ వేసుకోవడం మంచిది.

ఉండను సెంటీమీటరు మందానికి నొక్కి, మధ్య ఐదు సెంటీమీటర్ల ఎడం ఉంచితే ట్రేకు తొమ్మిది పడతాయి. తొమ్మిదో నిమిషంలో ట్రే తిప్పాలి, ఓటీజీలో తలుపు వైపు ఎప్పుడూ చల్లనే. 11–12 నిమిషాలకు తీస్తే నడుమ నములుడు ఉంటుంది, 15–16కు తీస్తే కరకర. బయటికి తీసినప్పుడు రెండూ మెత్తగానే ఉంటాయి. వేలితో నొక్కి, ఉడకలేదనుకుని మళ్ళీ లోపల పెట్టడం దగ్గరే చాలా ట్రేలు మాడతాయి. రంగు చూసి తీయాలి, మెత్తదనం చూసి కాదు. ట్రే మీదే ఐదు నిమిషాలు వదిలి, ఆపై జాలీ మీదికి మార్చాలి.

మధ్యలో కరెంటు పోతే తలుపు తెరవకూడదు. ఐదు నిమిషాల్లో వస్తే రెండు మూడు నిమిషాలు అదనంగా ఇస్తే సరి. అపార్ట్‌మెంట్ జనరేటర్ ఉంది కదా అని ఓటీజీ నడపబోతే చాలాచోట్ల ఒక్కో ఫ్లాట్‌కు ఇచ్చే లోడ్ చాలక ట్రిప్ అవుతుంది.

డబ్బాలో జరిగేది

గుడ్డుకు బదులు నిలిచిన సిరప్‌కు ఒక గుణం ఉంది: గాలిలోని తేమను లాక్కుంటుంది. జూన్ నుంచి అక్టోబరు దాకా బెంగళూరు గాలిలో ఆ తేమకు కొదవ లేదు. చెన్నైలో ఏడాదంతా ఇదే బాధ. జాలీ మీద పూర్తిగా చల్లారడానికి గంట పడుతుంది, అంతకుమించి బయట వదలకూడదు. గోరువెచ్చగా ఉండగానే మూత పెడితే లోపలి ఆవిరి మూతకు పట్టి తిరిగి బిస్కెట్ల మీదికే దిగుతుంది. పళ్ళెంలో పెట్టి గుడ్డ కప్పి రాత్రంతా ఉంచడం ఈ ఇంటి పాత అలవాటు. మెత్తబడటంలో సగం అక్కడే జరిగేది.

ఒకటి విరిచి చూడాలి. నడుమ చీలిక అంచు రంగులోనే ఉంటే సర్దవచ్చు. ముదురు తడి చార కనిపిస్తే ఆ వాయిని 130 డిగ్రీల దగ్గర ఎనిమిది నిమిషాలు మళ్ళీ ఆరబెట్టాలి. గట్టి మూత డబ్బా, ఆహారానికి వాడే సిలికా జెల్ పొట్లం ఒకటి. ఇలా సర్దిన సరుకు వానల్లోనూ రెండు వారాలు కరకరలాడింది. నములుడు రకాన్ని వారం దాటించి అమ్మకూడదు. లేబుల్ మీద గోధుమ, ఓట్స్, పాలు ఉన్నాయని స్పష్టంగా రాయాలి. గుడ్డు లేదన్నంత మాత్రాన అలర్జీ లేనట్టు కాదు, పాల పదార్థం మానేసినవాళ్ళూ "ఎగ్‌లెస్" చూసి కొనేస్తుంటారు.

బెల్లం రకం కావాలని కొందరు ఇంకా అడుగుతూనే ఉన్నారు. సిరప్ 45 గ్రాములూ అలాగే ఉంచి, పంచదార, బ్రౌన్ షుగర్ కలిపి ఉన్న 150 గ్రాముల్లో సగం మాత్రం పొడిగా తురిమిన బెల్లంతో మార్చితే నిలబడుతుంది. కాకపోతే వేడినీళ్ళు 15 మి.లీ.కు తగ్గించాలి, నీరు ఊరిన బెల్లం వాడకూడదు. ఆర్డరు పెరిగితే పిండి రెట్టింపు కలపకుండా రెండు వాయిలుగా కలుపుకోవాలి. మూడు ట్రేలు దాటేసరికి వెన్న బిగుసుకుని, చివరి ట్రే బిస్కెట్లు విచ్చుకోకుండా మందంగా మిగులుతాయి. వాటికి అదే సమయం ఇస్తే నడుమ పచ్చిగా ఉంటాయి. తప్పక ఒకేసారి కలపాల్సి వస్తే చివరి ట్రే ఉండల్ని మరింత పలచగా, ముప్పావు సెంటీమీటరుకు నొక్కాలి.